అతుకు కింద

గువ్వలచెరువు ఘాటు దిగి
రాయచోటి ఇంకా రాకముందే
ఎడమకు తిరిగే మట్టి దోవలో మా అంగన్‌వాడీ.
గోడలకు సున్నం పోయింది గానీ
నేల మాత్రం కడప బండ,
ఎండాకాలం బిడ్డల బొజ్జలకు చల్లన.

పోయిన నెల మండలం మీటింగులో
సంతకం పెట్టించుకొని ఒక సంచి ఇచ్చినారు.
"మూడేళ్ల నుంచే ప్రపంచం తెలియాల"
అన్నాడు మైకులో ఒకాయన.
ఇంటికొచ్చి విప్పితే
మడతలు పడిన నీలం బంతి,
గాలి మూతి దగ్గర అంటార్కిటికా.

ఓబులమ్మ పప్పు కిందికి దించి
చెంగుతో మూతి తుడిచి ఊదింది.
రెండు ఊదులకే దగ్గొచ్చింది.
తర్వాత నేను.
తర్వాత పదకొండు మంది వరసగా.
ఎంగిలి అని ఎవరూ అనలేదు.

భూమి గుండ్రంగా ఉంటుందని చెప్పబోయినాను.
అంతలోనే దస్తగిరి కాలెత్తి తన్నినాడు.
నాలుగేళ్లోడు,
బంతి కనపడితే ఇంకేం చేస్తాడు?
వాకిలి దాటి, నీళ్ల తొట్టి దాటి
కంపచెట్టు మీద పడింది ప్రపంచం.
బుస్సుమని ఎంతసేపు వచ్చిందో గాలి
అంతసేపూ చప్పట్లు కొట్టినారు.

పంచరు షాపు బావాజాన్
నీళ్లలో ముంచి బుడగలు చూసి
ట్యూబు ముక్క కత్తిరించి అతికించి
డబ్బులు వద్దన్నాడు.
"ఏ దేశం పంచరయిందో చూసుకో టీచరమ్మా"
అని నవ్వినాడు.
నేను చూసుకోలేదు.

మరుసటి రోజు పాఠం.
ఇక్కడ మనం. ఇవన్నీ నీళ్లు.
మీ చిక్కీలో శెనక్కాయ ఉంది చూడు,
దాని తాతల తాతలు
ఇదిగో, ఇంత దూరం నుంచి వచ్చినారు.
"బస్సులోనా?" అన్నాడు దస్తగిరి.
పడవలో అంటే నమ్మలేదు.
వాడికి తెలిసిన నీళ్లు ట్యాంకరులో వస్తాయి.

ఎప్పుడూ నోరు తెరవని రెడ్డిరాణి
లేచి నా దగ్గరికొచ్చింది.
"కువైట్ యాడుంది?"
వెతుకుతా వెతుకుతా ఇరాన్ దాకా పోయి
వేలు ఆగిపోయింది.
నల్ల రబ్బరు.
రూపాయి బిళ్లకు రెండింతల అతుకు,
కువైట్ మీద, దాని పక్క సముద్రం మీద.
ఏం చెప్పాల?

ఆ పాపే దాని మీద అరచెయ్యి ఆనించింది.
"మాయమ్మ దీని కింద ఉందా?"
మిగతావాళ్లంతా వంగి
ఒకరి మీద ఒకరు పడి
అతుక్కు చెవులు పెట్టినారు.
"అరవాకండి" అంది రెడ్డిరాణి,
"మనం పాలు తాగే పొద్దుకు
మాయమ్మ ఆడ ఆ పాపకు జడేస్తా ఉంటాది."

రెండున్నర గంటల తేడా.
నాకు వేళ్ల మీద వేసుకుంటే గానీ తేలలేదు.
ఈ బిడ్డకు గడియారం చూడడమే రాదు.

మధ్యాహ్నం వాళ్లవ్వ ఫోను తెచ్చింది.
వాయిస్ మెసేజీ.
అన్నం తిన్నావా, అవ్వ మాట వింటాండావా,
మధ్యలో వెనక నుంచి ఎవరిదో చిన్న గొంతు
"దా... దా..." అని.
అరబ్బీ ఏమో అనుకున్నాను.
"మన మాటే టీచరమ్మా.
ఆ పాపకు మాయమ్మ నేర్పించింది."
ఆ చెప్పడంలో గొప్ప ఉందో,
ఇంకేమన్నా ఉందో,
పదహారేళ్ల సర్వీసు నాది,
పోల్చుకోలేకపోయినాను.

రిజిస్టరులో కొత్తగా ఒక గడి వచ్చింది:
ప్రపంచ పరిచయం, అయినది, కాలేదు.
ఏది కొట్టెయ్యాలో తెలియక
పెన్ను మూత పెట్టేసినాను.

అతుకు పక్కన ఇంకా ఎక్కడో సన్నగా పోతాంది గాలి.
తెల్లారేసరికి బంతి సొట్టపడి ఉంటాది.
రోజూ పొద్దున వరసగా నిలబడి ఊదుతాము,
మొదటి ఊదు నాది.

ఈరోజు ఊదుతా ఉంటే
రెడ్డిరాణి నా కొంగు లాగి అడిగింది:
"ఆ పాప బళ్లో కూడా బంతి ఉంటాదా?
దాంట్లో మనూరు కనపడతాదా,
అతుకు కింద ఉంటాదా?"

నోట్లో బంతి మూతి ఉంది కాబట్టి
అప్పటికి తప్పించుకున్నాను.