రాని నోటు

టంకసాల వీధి మలుపులో మా దొరల బ్యాంకు.
నోటు మీద నంబరు వేసేది నేను,
సుంకు కాళహస్తయ్య, నెలకు పన్నెండు రూపాయలు,
చూపుడువేలికి ఎప్పుడూ సిరా.
"అడిగినవారికి అడిగిన క్షణాన వెండి"
అని నోటు ఒట్టు వేసేది.
ఆ ఒట్టుకు నా అంకెలు సాక్షి.

నేలమాళిగలో నలభై సంచులు.
వెనక వరసను ఒక్కసారే కాలితో తట్టాను.
మోగలేదు.
ఇంటికొచ్చి చారన్నం తిన్నాను, ఎవరితోనూ అనలేదు.
నోటి మాట గాలికి పోతుంది,
నోటు మాట బజారుకు పోతుంది.

అప్పుడు కలకత్తా నుంచి చట్టం దిగింది.
ఇక కాగితం అచ్చు వేసే హక్కు సర్కారుదే,
బ్యాంకుల నోట్లు గడువులోగా మార్చుకోండని
కొత్వాల్ చావడి దగ్గర దండోరా.
ఆ రాత్రే రెండు బళ్లొచ్చాయి.
తెల్లారేసరికి వెనక సంచులు మోగాయి.

అందుకే చట్టాన్ని నేను తిట్టను.
సంచి మోగాలంటే తట్టేవాడొకడుండాలి.
ఆ తట్టేవాడి సంచిని ఎవరు తట్టాలో
చట్టంలో వెతికాను. లేదు.

నోట్లు తిరిగొచ్చాయి,
నా ఏడులు, నా తొమ్మిదులు,
నన్నెరగనట్టు.
ఒకటి రాయపురం ఎండుచేపల వాసన.
ఒకటి రెండు ముక్కలు: దొంగల భయానికి చింపి
సగం మచిలీపట్నం ఓడలో, సగం తపాలావాడి భుజాన పంపి
గంజితో అతికించారు.
ఒకదాని వెనక ఎవరిదో తమలపాకుల లెక్క.

గురవమ్మ తెచ్చింది పసుపుగుడ్డలో చుట్టి.
వెండి చేతిలో పడ్డాక కూడా కాగితం వైపే చూసింది.
"దాన్నేం చేస్తారయ్యా?"
"చిల్లు పొడిచి కాలుస్తాం."
"పదేళ్లు నా తలగడ కింద పడుకుందే," అంది.
నేను పొడిచాను.

గడువు సాయంత్రం పద్దు కట్టాను.
ఒక్కటి రాలేదు.
నాలుగు వందల పదిహేడు, పది రూపాయలది.
ఏ దూలం సందులో ఉందో, ఎవరి చితిలో కాలిందో.
"రాని నోటు బ్యాంకుకు లాభం," అన్నాడు దొర.
ఆవర్జాలో లాభం కిందే రాశాను,
అదే చేత్తో.

ఇప్పుడు బజారంతా రాణి బొమ్మ నోట్లు.
అంకెలు అచ్చులోనే వస్తాయి. నా వేలు తెల్లబడింది.
గూట్లో పది వెండి రూపాయలు విడిగా కట్టి పెట్టాను.
ఎవరివని అడిగింది మా ఆవిడ.
అడిగినవారివి, అన్నాను.

మొన్న నూనెకు చాలక అందులోంచి రెండు తీశాం.
ఇంకా పెట్టలేదు.
వానరాత్రి తలుపు చప్పుడైతే
లేచి గూడు తడుముకుంటాను.
ఎనిమిదే ఉన్నాయి.