నలభై మాటల్లో తెలుపు

హల్ రేవు మీద పొగమంచు దిగితే
మా గ్యాలరీ నేలమాళిగకే ముందు తెలుస్తుంది,
రేడియేటర్ మూలుగుతుంది.
అక్కడ కూచుని నేను బొమ్మలకి మాటలు కడుతుంటాను.
బొమ్మకి నలభై. నలభై ఒకటైతే
పెట్టె అంచు ఎర్రబడుతుంది.

కళ చదువుకునే పిల్లల కోసం
గోడల మీదున్నవన్నీ తెరల మీదికి ఎక్కిస్తున్నారు.
చూపున్నవాళ్లు చూస్తారు.
లేనివాళ్లకి, బొమ్మ వచ్చినచోట
ఒక యంత్రం గొంతు నా మాటలు చదివి పెడుతుంది.
అదీ ఉద్యోగం, వారానికి మూడు రోజులు.

డెరిక్ థ్వెయిట్ మొదటి రోజే చెప్పాడు:
"అందం అనకు. విషాదం అనకు.
కన్ను చూసిందే రాయి, మిగతాది పిల్లల పని."
సరేనని రాశాను:
నేల మీద చేపల వల. వలలో పాత టెలిఫోన్ రిసీవర్లు,
సుమారు మూడువందలు. తీగలు తెగి ఉన్నాయి.
రాశాను: ఇనుప కుర్చీ. సీటు ఉండాల్సిన చోట సబ్బు.
ఒక పటంలో పచ్చ దగ్గర పూటంతా ఆగిపోయాను.
మా ఇంట్లో అయితే పచ్చ అంటే చాలు,
పప్పో గోంగూరో వాసనే చెప్పేది.
ఇంగ్లీషు తేల్చమంటుంది.

నాలుగువందల పదిహేడో నంబరు దగ్గర మాత్రం ఆగలేదు.
"తెల్లటి కాన్వాసు. ఆరడుగుల చదరం. దాని మీద ఏమీ లేదు."
పది మాటలు కూడా పట్టలేదు.
ముప్పై మిగిలాయని టీ పెట్టుకున్నాను.

వారం తిరక్కుండా ఉత్తరం.
విథర్న్‌సీ నుంచి టెస్ గార్‌బట్, పదిహేడేళ్లు,
పుట్టుకతో చూపు లేదు, మోడరన్ ఆర్ట్ పరీక్ష జూన్‌లో.
"ఏమీ లేదని రాశారు.
ఎంత ఏమీ లేదు?
భోజనాలయ్యాక మా బల్ల మీద ఏమీ లేనట్టా,
తాతయ్య పోయాక ఆయన గదిలో ఏమీ లేనట్టా?
క్లాసులో అందరూ దాని మీద అరగంట వాదించుకున్నారు.
నాకు ఇన్నే మాటలిచ్చారు."

సోమవారం గ్యాలరీకి సెలవు.
కాపలా మోరీన్‌ని బతిమాలి లైట్లన్నీ ఆర్పించి
టార్చి గోడవార పెట్టి పక్కవాటుగా వెలిగించాను.
అమ్మో.
ఆరడుగుల మేర దుక్కి.
ఎడమ నుంచి కుడికి కుంచె పోయిన చాళ్లు,
నడుమకొచ్చేసరికి చెయ్యి అలిసి కిందికి వాలిన చాళ్లు.
ఒకచోట రంగు మీగడ కట్టింది,
ఒకచోట గుడ్డ నేత లెక్కపెట్టేంత పలచన.
కింది మూల ఊడి అతుక్కుపోయిన కుంచె వెంట్రుక,
దాని పక్కన బొటనవేలి ముద్ర,
వేసినవాళ్లదో, మోసినవాళ్లదో.
"ఇరవై రెండేళ్లుగా దీనికి వీపు పెట్టి కూచున్నా"
అంది మోరీన్. టార్చి తనే పట్టుకుంది.

తిరిగి రాశాను. నూట పదమూడు.
పెట్టె అంచు నిప్పుకణిక.
డెరిక్ "అలిసి" అన్నచోట కొట్టేశాడు,
అలసట కంటికి కనపడదని.
కాసేపు నిలబడి మళ్లీ తనే పెట్టాడు.
నలభై దాటడానికి మాత్రం ఒప్పుకోలేదు,
మిగతాది నీ టైములో ఉత్తరం రాసుకోమన్నాడు.

రాశాను. రాస్తూ ఎందుకో చివర్న కలిపాను:
మా భాషలో తెలుపంటే ఈ రంగే.
తెలుపు అంటే చెప్పు అని కూడా.
ఇన్నేళ్లు నోట్లో పెట్టుకు తిరుగుతూ
నేనెప్పుడూ చూడలేదు.

టెస్ జవాబు జూన్ దాటాక వచ్చింది.
పరీక్షలో ఆ ప్రశ్న రాలేదట.
"మరి నలుపుకి?" అని అడిగింది.

తొమ్మిదివందల రెండో నంబరు తెరిచి ఉంది.
నల్లటి రేకు, నిలువుగా.
పెట్టె ఇంకా ఖాళీ.
కళ్లు నలుపుకుంటున్నాను.