సున్నా కొస

టేపు సున్నా కొస నా చేతిల ఉంటది.
రెండో కొస పట్టుకొని ఏఈ సారు నడుస్తడు
నీళ్ల అంచు దాక.
"నలభై రెండు" అని తనే చదివి, తనే రాసుకుంటడు.
నన్నడగడు. నా దగ్గరున్నది సున్నానే.

బాదేపల్లి హస్తిమల్ ఆయిల్ మిల్లు
మూతపడి పంతొమ్మిదేండ్లు.
రేకులు ఎవరో ఒక్కొక్కటే కొంచవోయిన్రు,
మిషన్లను లారీలు తీస్కపోయినయి.
చిమ్నీ ఎవ్వరి నెత్తికీ ఎక్కక ఇక్కడనే మిగిలింది.
ఇప్పుడది మ్యాపుల "హెరిటేజ్ టవర్".
రాత్రిపూట రంగుల లైట్లు ఏస్తరంట.
దాని కిందనే బాయిలర్ మహమూద్ చెయ్యి మోచేతి దాక కాలిన సంగతి
స్కేలుకు అందేది కాదు.

కుంట మాత్రం మిల్లును మరువలేదు.
మార్చి ఎండకు నీళ్లు దిగితే
అంచు రాళ్లకు జిడ్డు గీత, పాత మూకుడుకు పట్టినట్టు.
చెప్పులిడిచి అడుగేస్తే
బురద కింద పల్లిపొట్టు, పరుపు లెక్క దిగుతది.

మ్యాపుల చెట్లన్నీ ఒక్క సైజు, గుండ్రం.
మనుషులు గూడ ఉన్నరు, ముఖాలు లేవు,
అందరి చేతులల్ల కాఫీ కప్పులు.
లారీల కాంటా ఉన్నకాడ ఫుడ్ కోర్టు.
గింజల గోదాము కింద దుకాణాలు, పైన ఆఫీసులు.
పొట్టుకుప్ప జాగల పిల్లల ఆటస్థలం.
(అది మేం చిన్నప్పుడే కనిపెట్టినం.
కుప్ప మీదికెల్లి జారితే నెత్తి నిండ పొట్టు,
ఇంటికి పోతే వీపు నిండ దెబ్బలు.)

బుధవారం షామియానా ఏసి మీటింగు పెట్టిన్రు.
"మీ అభిప్రాయం చెప్పండి" అని మైకు తిరిగింది.
ఒకాయన బోటింగు అన్నడు.
ఇంకొకాయన జెండా అన్నడు, నూరడుగులది.
ఒక పిల్ల లైబ్రరీ అన్నది. చప్పట్లు కొట్టిన్రు,
రాసుకున్నట్టు మాత్రం కనపడలే.
వెనక వరుసల మా మేనత్త మన్నెమ్మ లేచింది.
పదహారేండ్లు ఈ మిల్లుల పల్లికాయ చెరిగిన మనిషి,
మైకును గూడ చాట పట్టినట్టు రెండు చేతుల పట్టింది.

"ఆడోళ్లకు ఏడ పెట్టిన్రు సారూ?"
"ఏంటిదమ్మా?"
"గదే. నూట ఇరవై మందిమి ఉంటిమి.
పొద్దుగాల ఏడింటికి లోపటికొస్తే సైరను కూసేదాక
కట్ట దిగి జమ్ము చాటుకే పోతుంటిమి.
ఒకామె పోతే ఒకామె కావలి.
చాంద్‌బీ అయితే నీళ్లు తాగుడే బంద్ చేసింది,
తాగకుంటే పోవుడు తప్పుతదని.
కిడ్నీలు పోయినయి దానికి.
గీ పార్కుల గదొక్కటి ఏడున్నదో సూపియ్యిర్రి, సాలు."

షామియానా గుడ్డ గాలికి కొట్టుకున్నది.
సారు మ్యాపు మీద వేలు పెట్టిండు
అటు మూలకు, పార్కింగు అవతల.
అత్త కండ్లతోనే కొలిచింది.
"నా మోకాళ్లకు అది పక్కూరు బిడ్డా" అని కూసున్నది.
మైకు మళ్ల బోటింగు దగ్గరికి పోయింది.

ఈ పొద్దు సాయంత్రం ఒక్కన్నే సున్నం గీత పోస్తున్న.
సారు స్కూటరెక్కి పోయిండు.
జమ్ముల నీటికోడి ఒకటి ఆగి ఆగి అరుస్తున్నది.
జేబుల నాలుగు కట్టె మేకులున్నయి,
ఎర్ర పెయింటుతోటి టీ అక్షరం రాసినవి.
పార్కింగు అవతలికి పోవాల్సినోన్ని
కాంటా పక్కన ఆగిన.
వాళ్లు దిగిన తొవ్వ ఇంకా ఆనవాలున్నది.
గడ్డి మొలవని సన్న గీత.

మొదటి మేకు కొట్టిన.
రేపు సారు చూస్తే పీకిస్తడు కావొచ్చు.
కొలత తప్పయిందంటే
తప్పు నాదే అంటడు, సున్నా కొస నాదే గద.

రెండోది కొడితే నేల మెత్తగ తగిలింది.
పొట్టు.
పొట్టుల మేకు నిలవదు.
సుత్తె పక్కకు పెట్టి చేతులతోటి తోడుతున్న,
గట్టి మన్ను ఎంత లోపల ఉన్నదో.