మూడో బటను

పాలకేంద్రంలో నా మిషనుకి రెండే బటన్లు.
ఒకటి ఆవు, ఒకటి గేదె.
పొద్దున్న అయిదున్నరకి షట్టరు లేపేసరికి
మెంటాడ రోడ్డు మీద క్యాన్లు మోగుతుంటాయి.
వెన్నెంతో, కలిపిన నీళ్ళెన్నో
ఎర్రంకెల్లో చెప్పేస్తుంది మిషను.
నేను చీటీ చింపి ఇస్తాను.

ఆ రోజు దాలమ్మ వరస చివర నిలబడింది.
చేతిలో సత్తు చెంబు, మూతకి అడ్డాకు.
"ఏటి పాలమ్మా?"
"మేకవి."
వెనకెవరో కిసుక్కుమన్నారు.
ఆవు నొక్కనా, గేదె నొక్కనా?
ఏది నొక్కినా అబద్ధమే.
మేక మెడకి వేలాడే చన్నుల్లా
రెండు బటన్లూ ఆమెకి ఎందుకూ కొరగాలేదు.
చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.
గట్టు మీద ఒలికిన నాలుగు చుక్కల దగ్గరికి
చీమలు మాత్రం ఏమీ అడక్కుండా వచ్చేయి.

మా వైపు మేకంటే మాంసమే.
రామభద్రపురం సంతలో నడుం నొక్కి చూసి
కిలోలు కట్టి కొంటారు.
తుమ్మకాయలు నమిలి, రేగుముళ్ళ మధ్య మూతి దూర్చి,
జీడితోటల గట్లంట దినమంతా తిరిగి
అది చేసే పాలు ఎవరి లెక్కలోకీ రావు.

పంచాయితీ ఆఫీసులో పశువుల డాక్టరుగారు
గోడకి తెల్లదుప్పటి కట్టి బొమ్మలు చూపించేరు.
మంచుకొండల కింద మంచులాంటి మేకలు,
సానెన్ అట పేరు, పూటకి రెండు లీటర్లట.
ఫ్రాన్సులో ఆ పాలు విరిచి, ఉండలు కట్టి
పైన బూడిద పూసి అమ్ముతారట, విభూది ఉండల్లా.
ఇంకో దేశంలో తిరిగే చక్రమొకటి.
మేకలు వరసగా ఎక్కి, పిండించుకుని, దిగిపోతాయి.
"రంగులరాట్నం!" అన్నారు ముందు కూర్చున్న పిల్లలు.
అందరూ నోళ్ళు తెరిచేరు.
దాలమ్మ ఒక్కతే లేచి అడిగింది:
"బాబూ, మరి ఆటి పిల్లలు ఏటి తాగుతాయి?"
డాక్టరుగారు తర్వాతి బొమ్మ వేసేరు.

భాద్రపదంలో జ్వరాలు పట్టుకున్నాయి.
మేకపాలు తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని
ఎవరు ఎవరికి చెప్పేరో గానీ
విజయనగరం నుంచి బళ్ళేసుకుని దిగేరు మనుషులు
ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్తో.
సోలెడు మూడొందలన్నారు. అయిదొందలన్నారు.
దాలమ్మ లెక్క మారలేదు.
మేకకి రెండు రొమ్ములు,
ఒకటి మనిషికి, ఒకటి పిల్లకి.

"ఆ రెండోదీ పిండమ్మా, నా కొడుకు ఆస్పత్రిలో..."
అన్నవాడి చేతిలో సీసా నిలవడం లేదు.
ఆమె చాలాసేపు మేక వైపే చూసింది.
గుంజకి కట్టిన పిల్ల అరుస్తూనే ఉంది.
పిండింది.
నోటు తీస్తే చెయ్యి అడ్డం పెట్టింది.
"దీనికి డబ్బులొద్దు. ఇవి నావి కావు.
దానికి బాకీ పడ్డావు, ఎల్లు."

ఇరవై రోజులకనుకుంటా,
ఒకడు కేంద్రం ముందు బండాపి
దాలమ్మ పాక ఎటని అడిగేడు.
ట్యాంకు మీద తవుడు బస్తా.
కొడుకెలా ఉన్నాడని అడగడానికి నాకు నోరు రాలేదు.
మొహం చూస్తే తెలుస్తుందేమోనని
మొహమూ చూడలేదు.
చంపావతి వైపు చెయ్యి చూపించేను, అంతే.

నా పేరు తవిటమ్మ.
ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని
నన్ను పుట్టగానే పక్కింటి ఒళ్ళో వేసి
చేటడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది మా అమ్మ.
అమ్మకి పాలు పడలేదు.
మరి ఏటి తాగి బతికేనే అంటే
"మేకవే" అనేది, చేట చెరుగుతూ.
ఎవరి మేకో, ఏ రొమ్మో
ఇన్నేళ్ళలో అడిగింది లేదు.

ఈవేళ రిజిస్టరు చివరి అట్ట లోపల
పెన్సిల్తో ఒక గీత గీసి రాసేను:
మేక. గిద్దెలు తెలీవు. బాకీ.

బయట క్యాను మోగింది.
గేదె నొక్కేను.