ఎగ్జిబిట్ నాలుగు

నాంపల్లి కోర్టు, మూడో అంతస్తు.
ప్లాస్టిక్ సంచిలో రెండు ఆంప్యూళ్లు, లక్క ముద్రతో.
ఒకటి ఉప్పునీళ్లు. ఒకటి గుండెను ఆపేది.

పీపీ గారు పైకెత్తి చూపించారు:
"తేడా కనపడదా అమ్మా?"
"కనపడుతుంది" అంది కెజియా.
పదకొండు గంటల ఎండలో ఎవరికైనా కనపడుతుంది.

ఆమె చెప్పనిది నేను చెప్తా.
వరసగా నాలుగో నైటు. నలభై రెండు మంచాలు,
మేమిద్దరం. నేను పన్నెండో బెడ్డు దగ్గర వాంతి కడుగుతున్నా.
ట్యూబ్‌లైటు వారం నుంచీ కన్ను కొడుతోంది.
ఇండెంట్ రాసి పంపాం;
ఆ కాగితం ఎగ్జిబిట్ కాలేదు.

బెంచీ చివర మొగులయ్య పెండ్లాం.
"గా రాత్రి నాకు చాయ్ తెచ్చిచ్చింది గీ పిల్లనే" అంది,
ఎవరితోనూ కాదు. తర్వాత ఏడ్చింది.
కెజియా లేవబోయింది;
కానిస్టేబుల్ కూర్చోమన్నాడు.

జడ్జిగారు సంచిని కళ్లదాకా తెచ్చుకున్నారు,
కిటికీ వైపు తిప్పారు,
కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
మళ్లీ చదివారు.

వాయిదా వచ్చే నెల పద్నాలుగు.
రాత్రి ఎనిమిదికి నా డ్యూటీ.
అదే సొరుగు. అవే రెండూ, పక్కపక్కనే.
మధ్యలో ఒక అట్టముక్క నిలబెట్టాను,
ఎవరిదో డిశ్చార్జి నాటి
స్వీటు డబ్బాది.