ఏ పంచదార?

ఏడు రోడ్ల కూడలి నుంచి లోపలికి మూడో సందు.
మెట్ల కింద గది, గదికి సరిగ్గా సరిపడే బల్ల,
బల్ల మీద సీసాల్లో
ఆవాల కంటే కాస్త పెద్దవి, తెల్లటి గోళీలు.
మంచు తుమ్ముల కోసం వచ్చాను నేను.

చీటీ మీద పేరు రాస్తూ
డాక్టరు కుప్పిలి జగన్నాథం గారు ఆగారు.
"తవిటమ్మా?"
"అవునండి. నా ముందు ఇద్దరు దక్కలేదని
పుట్టగానే నన్ను పొరుగామె చేతిలో పెట్టి
చేటెడు తవుడిచ్చి కొనుక్కుందట మా అమ్మ."

ఆయన నవ్వేరు.
నేను సీసాని ట్యూబులైటుకి ఎత్తి పట్టుకున్నాను.
"ఇందులో గోదుం ఉందేటండి?"
"వట్టి పంచదారమ్మా."
"ఏ పంచదారండి?"

ముప్పై ఏళ్లుగా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు
కారమా, కాఫీనా, ఉల్లిపాయా అని అడిగారట,
పథ్యం గురించి.
మందుకే పథ్యం అడిగినవాళ్లు లేరట.

నాకు ఒక పూరీ చాలండి, మూడు రోజులు మంచం.
పూరీలు వేగిన మూకుడులో వేగిన అప్పడమైనా చాలు.
మా మరిది పెళ్లిలో వట్టి చారన్నం తిన్నాను,
ఇంగువలో పిండి కలుపుతారని
ఎవరు చెప్పారు నాకు?
విశాఖ పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూసి
పేగు లోపలి నూగు అరిగిపోయిందన్నారు,
పాత తువ్వాలులాగ.

"మన మడుల్లో పండని గింజకి
నీకు జబ్బెలా వచ్చిందే?" అంది మా ఆడబిడ్డ,
నేనేదో కొత్త చీర కట్టుకొచ్చినట్టు.
నిజమే. చోడి అంబలి తాగి పెరిగినదాన్ని.
బడిలో ఆకు మీద గోధుమనూక ఉప్మా పెట్టిన రోజు
అరిచేయి కూడా నాకేదాన్ని.
అప్పటి నుంచే లోపల ఎవరో లెక్క రాసుకుంటున్నారని
తెలీదు.

డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు:
ఒక చుక్క మందు తొంభైతొమ్మిది చుక్కల్లో,
అందులోంచి ఒక చుక్క మళ్లీ తొంభైతొమ్మిదిలో,
అలా ముప్పై మార్లు.
చివరికి నాగావళిలో వేసిన చిటికెడు ఉప్పంత కూడా ఉండదు.
"ఏమీ మిగలదమ్మా. అయినా గుర్తుంటుంది."

"నా పేగూ అలాటిదేనండి," అన్నాను.
"ఏమీ లేదనుకున్నదాన్ని కూడా గుర్తుపట్టేస్తాది."

ఆయన కలానికి మూత పెట్టారు.
భూతద్దం తీశారు.
పెట్టె అడుగున చీమ తలకాయలంత అక్షరాలు,
చక్కెర అని ఉంది, దేని చక్కెరో లేదు.
సారం దిగిన స్పిరిటు ఏ గింజదైనా
మరిగి ఆవిరై వచ్చిందాంట్లోకి పిండి రాదన్నారు.
బిళ్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించారు:
బిళ్లని బిళ్లగా పట్టి ఉంచే పిండి
మొక్కజొన్నదో, దుంపదో, మరొకటో.
విశాఖ డీలరుకి ఫోన్ చేస్తే
కలకత్తా వాళ్లనడగాలన్నాడు.
"ఈ మాత్రం దానికి రాయాలా?" అనుకుంటూనే
కార్డు ముక్క రాశారు.

పదకొండు రోజులు తుమ్మేను.
పన్నెండో నాడు ఫోను, ఒకే మాట:
"చెరకు."

చెరకైతే నాకు తెలుసు.
ఆమదాలవలస ఫ్యాక్టరీ గేటు బయట
బండి కింద నాన్న కునుకు,
తూకం వంతు రావడానికి రెండు రాత్రులు,
ఎద్దుల మెడల కింద తీపి వాసన.
ఆ గేటుకిప్పుడు తుప్పు.
ఈ గోళీ ఏ ఊరి చెరకో,
ఎవరి నాన్న కునుకు తీశాడో.
నాలుగు నాలిక కింద వేసుకున్నాను.

తుమ్ములు తగ్గాయా అంటే
మంచే తగ్గింది, ఏం చెప్పను.
కడుపు మాత్రం ఊరుకుంది.

జవాబు రాని సీసాలు ఆయన
వేరే అరలో పెట్టారు,
ఒక్కోదాని మీద ఎర్ర సిరాతో "గో?" అని రాసి.
మొన్న వెళితే నా ముందు ముసలాయన అడుగుతున్నాడు,
"గో అంటే ఏటి బాబూ, దేవుడి మందా?"

డాక్టరు గారు
కళ్లద్దాల మీదుగా నా వైపు చూశారు.