బందెలదొడ్డి వీధి

రోడ్డు వెడల్పు కొలతకని టేపు పట్టుకొచ్చాను.
పాలకొల్లు పాతబజారు, పొద్దున్న ఏడు.
కాలవ మీది గాలి నిండా
ఎండుకొబ్బరి వాసన.

మేడ నెత్తిన రెండు సున్నపు సింహాలు.
ఒకదానికి మొహం లేదు,
ఆ చోట్లో పావురం.
కింద సెల్‌ఫోన్ల రిపేరు.
అరుగు మీది టేకు స్తంభాన్ని కావలించుకుని కొలిచాను,
చేతులు కలవలేదు.
"రంగం కలప" అన్నాడు కొట్టువాడు,
ఓడలో తనే తెచ్చినట్టు.

వీధి చివర బందెలదొడ్డి.
గోడలు పోయాయి, గేటుంది.
తాళం మాత్రం వేసే ఉంది.
కాపలా అబ్బులు మనవరాలు వరహాలు
రేకుపెట్టెలోంచి చిట్టా తీసింది:
చేను మేసిన గేదెకి నాలుగణాలు,
దూడకి రెండు,
మేకకి అణా.

"ఎర్రావు. ఎడమ కొమ్ము విరిగినది.
ఎవరూ రాలేదు."
మర్నాడూ అదే. ఆ మర్నాడూ.
తొమ్మిదోనాడు, వేరే సిరాతో:
"నేనే బందె కట్టి తోలుకుపోతున్నాను. అబ్బులు."

"దాని సంతతి పాలే తాగి పెరిగాం"
అంది వరహాలు,
అక్షరాల మీంచి వేలు తియ్యకుండా.

నా చేతిలో ఎర్రరంగు డబ్బా.
గీతకి జానెడు లోపల
గేటు.

టేపు మళ్ళీ పరిచాను,
ఈసారి కాస్త వదులుగా.